ఆషాఢం కూలి

మదనపల్లె, నీరుగట్టువారిపల్లె
26-6-2008

మా ఇంటి ఆడపడుచు రేవతికి,

వదిన గౌరమ్మ రాస్తున్నాను. ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. కుప్పంలో నువ్వూ, మీ ఆయన గంగాధరమూ, మీ ఇద్దరికంటే ఎక్కువ భోగం అనుభవిస్తున్న ఆ కంప్యూటరూ క్షేమమని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. సెల్లు మీ అన్న జేబులో ఉంటుంది. నీతో ఎప్పుడు మాట్లాడినా స్పీకరు పెట్టి పక్కనే కూర్చుంటాడు. మధ్యలో నా మాటలు కూడా ఆయనే మాట్లాడేస్తాడు. అందుకని బస్సులో వేసే చీరల మూటలో, పై చీర మడతలో ఈ కాగితం పెడుతున్నాను. మూట బట్ట తిరిగి పంపేటప్పుడు నువ్వూ అందులోనే జవాబు పెట్టు.

ఈసారి చీరలన్నీ భీమరావు, పూలమ్మ నేసినవి. పెద్ద అంచు చీరలు మన మగ్గాల మీద నేసేది ఆ మొగుడూ పెళ్ళాలే. పూలమ్మ తమ్ముడు బెంగళూరులో గార్మెంట్స్‌లో చేరి, వీళ్ళనూ వచ్చేయమని పోరుతున్నాడు. పోకుండా ఉన్నారంటే ఒకటే కారణం, చీరకు ఎనిమిది వందల కూలి, పెళ్ళిళ్ళ నెలైనా మూఢమైనా అంతే. నువ్వు ఇంటర్నెట్లో అమ్ముతానని వచ్చినప్పుడు పూలమ్మకు నేను చెప్పాను. చీర రెండు వేల నాలుగు వందలు, ఏడాది పొడుగునా అదే ధర, కాబట్టి నీ కూలీ కదలదు అని. ఆమె నమ్మింది నిన్నూ కాదు, మీ అన్ననూ కాదు, నన్ను. అది గుర్తు పెట్టుకో.

ఆషాఢం వస్తోందని బజారంతా బ్యానర్లు కట్టారు. నిన్న లంగా గుడ్డకని ఒక అంగడికి పోతే, అక్కడి పిల్ల నా కళ్ళ ముందరే పాత ధర చీటీ పీకి, ఎక్కువ ధర వేసిన చీటీ అంటించి, దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టి, కింద పాత ధరే రాసింది. "ఇదేం పని పాపా?" అన్నాను. "ఇట్ల కొట్టకపోతే ఎవురూ కొనరక్కా" అంది, సిగ్గన్నది లేకుండా. నాకు రోత పుట్టి గుడ్డ కొనకుండానే వచ్చేశాను. నీకు అట్లాంటి బుద్ధి లేదు కాబట్టి ఇదంతా నీకు రాస్తున్నాను.

నీ వదిన,
గౌరమ్మ

*

కుప్పం
5-7-2008

వదినా,

నీ మరదలి నమస్కారాలు. చీరలు చేరాయి. మిద్దె మీద ఆరేసి ఫోటోలు తీశాను. గ్రానైట్ లారీలు పోయే రోడ్డు కదా, దుమ్ము పడకుండా ఈయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. రైల్వేలో అంత ఉద్యోగం చేసే మనిషి చీరకు గొడుగు పట్టడం చూసి పక్కింటివాళ్ళు ఇంకా నవ్వుతున్నారు.

ఇక కష్టం విను. జూన్ నెలంతా కలిపి అమ్మింది రెండే చీరలు. వెబ్‌సైటు కంపెనీ బెంగళూరు ఆఫీసులో వరుణ్ అని ఒకతను ఉన్నాడు. రోజూ ఫోన్ చేస్తాడు. "మేడమ్, ఆషాఢం సేల్లో చేరండి, లేకపోతే మీ చీరలు నలభయ్యో పేజీకి పోతాయి" అంటాడు. నలభయ్యో పేజీ అంటే ఊరి బయట అంగడి పెట్టుకున్నట్టే. అక్కడిదాకా వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.

నీకు కోపం వస్తుందని తెలుసు. ఈ ఒక్క నెల కూలిలో నూటయాభై తగ్గించుకుంటే నేను సేల్లో నిలబడగలను. ఆషాఢం ఒక్కటే వదినా. శ్రావణం రాగానే మళ్ళీ ఎనిమిది వందలు. ధర శాశ్వతంగా తగ్గించమని నేను అడగడం లేదు. అట్లా తగ్గిస్తే మళ్ళీ పెంచడం ఎవరి తరమూ కాదు. సేల్ అంటే నాలుగు రోజుల ముచ్చట, అయిపోగానే ఎక్కడిదక్కడ సర్దుకుంటుంది.

ముందు నీకే చెప్పాలి, ధైర్యం చాలక అన్నకు చెప్పాను. అన్న ఒక్కసారికే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడని నేనూ అనుకోలేదు.

రేవతి

*

మదనపల్లె
14-7-2008

రేవతికి,

ముందు మీ అన్నకు చెప్పి, తర్వాత నాకు రాస్తావా? పూలమ్మ ముందర నిలబడి చెప్పాల్సింది మాత్రం నేను.

చెప్పాను. ఆమె బాబిన్లు చుట్టుకుంటూ వింది. "నెలే కదమ్మా? నువ్వు సెప్తాండావంటే సరే" అంది. భీమరావు మాత్రం లోపలికి వెళ్ళిపోయాడు. వాళ్ళ చేత ఒప్పించిన నా నోరు నాకే వెగటుగా ఉంది.

నీకు మగ్గం మర్యాద తెలుసు కదా. పడుగు ఎక్కించేటప్పుడు, అంటే నిలువు పోగులు మగ్గానికి బిగించేటప్పుడు, కూలి ఎంతని ఒక మాట అనుకుంటారు. ఆ పడుగు తెగేదాకా, అంటే మొత్తం నేసి అయిపోయేదాకా, ఆ మాట మారదు. మధ్యలో పట్టు ధర పడిపోయినా సరే, నేసేవాళ్ళ కూలి తగ్గించకూడదని మీ తాతల కాలం నుంచీ ఉన్న కట్టు. పాత పడుగు మొన్న తెగింది, కొత్తది నిన్న ఎక్కించారు, ఆరు వందల యాభైకి మాట అనుకున్నారు. మీ అన్న ఈసారి పొడుగాటి పడుగు తెచ్చాడు, ఎప్పుడూ వేసేదానికి రెండింతలు ఉంటుంది. ఒక పడుగు తెగితే గానీ తర్వాతిదాని ఊసెత్తని మనిషికి ఇప్పుడింత ముందుచూపు యాల వచ్చిందో! పోనీలే, సేల్లో చీరలు బాగా పోతాయని అనుకున్నాడేమో.

పడుగు మధ్యలో ఉన్నా సరే, శ్రావణం మొదటి శుక్రవారానికి కూలి మళ్ళీ ఎనిమిది వందలు కావాలి. నేను మాటిచ్చాను.

గౌరమ్మ

*

పుంగనూరు
12-8-2008

రేవతికి,

ఇది మూటలో కాదు, పోస్టులో వస్తుంది. మూట దాకా ఆగే ఓపిక లేదు.

ఇక్కడ నా చిన్ననాటి స్నేహితురాలు శారదమ్మ ఇంటికి వచ్చాను. కొత్త కోడలికి వ్రతం చేయిస్తోంది. మేలో కొడుకు పెళ్ళికి వియ్యాలవారికి పెట్టుబడి చీరలు నీ దగ్గరే కొన్నది, నేనే చెప్పి కొనిపించాను, ఒకటే ధర, మోసం లేదని. నిన్న ఆమె ఊరికే ఉండలేక నన్ను బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కు తీసుకుపోయింది. "రా గౌరీ, మీ మరదలి అంగడి సూపిస్తా" అంది.

చూశాను. మా పూలమ్మ నేసిన చీర. పైన నాలుగు వేల ఎనిమిది వందలు, దాని మీద ఎర్ర గీత. కింద రెండు వేల నాలుగు వందలు. పక్కన సగానికి సగం తగ్గింపు అని ఒక చుక్క మిణుకు మిణుకుమంటోంది. ఆషాఢం పోయి ఇన్ని రోజులైనా సేల్ పోలేదు. పేరు మాత్రం శ్రావణ సేల్ అని మార్చుకుంది.

ఛీ రేవతీ! నువ్వు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు కదే! ముందు అమ్మిందీ రెండు వేల నాలుగు వందలకే, ఇప్పుడు అమ్మేదీ అంతకే. ఎన్నడూ లేని ధరను పుట్టించి, దాన్నే కొట్టేశావు. తగ్గింది ఈ లోకం మొత్తం మీద ఒక్కటే, పూలమ్మ కూలి. నీ సేల్ ఖర్చు ఎవరు పెట్టుకున్నారో చూడు. ఆ అంగట్లో చీటీ అంటించిన పిల్లే నయం, అది నా ఎదురుగానే చేసింది.

అంతకంటే రోత ఏమిటంటే శారదమ్మ సంతోషం. ఆమె మురిసిపోతూ, "నేను పెట్టినవి నాలుగు వేల ఎనిమిది నూర్ల చీరలని మా వియ్యపురాలికి ఇప్పుడు తెలిసినాది. మర్యాద దక్కినాది సూడు" అంటోంది. చదువు చెప్పే టీచరమ్మ! తాను ఎంతిచ్చి కొన్నదో తనకు తెలియదా? రాత్రి ఆమె పెట్టిన పాయసం ముట్టకుండా లేచాను.

గౌరమ్మ

*

కుప్పం
20-8-2008

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చోలేదు. ఈయన అడిగితే తలనొప్పి అన్నాను.

తిట్టావు, పడ్డాను. కానీ ఒకటి విను. నిజమైన ధర నిజంగా పెట్టినప్పుడు రెండు చీరలు పోయాయి. లేని ధర పెట్టి గీత కొట్టగానే, నువ్వు పంపినవన్నీ వారంలో అయిపోయాయి. కొన్నవాళ్ళు ఫోన్ చేసి థ్యాంక్స్ చెబుతారు వదినా. చెన్నై నుంచి ఒకామె, "సగానికి కొట్టేశానండీ" అని నాకే గొప్పగా చెప్పింది. ఆమె ఇంకా మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేశాను. ఆమె మీద అసహ్యమో నా మీదో తెలియలేదు. నూటయాభై నేను తినలేదు. సేల్లో చేరినందుకు కమిషన్ పెంచారు, మొదటి పేజీలో ఉంచినందుకు ఇంకొంత లాగారు. వరుణ్ ఆ మాట ముందు చెప్పలేదు. నేనూ నీకు చెప్పలేదు.

ఇక చాలు. నిన్న ఆ గీత తీసేశాను. ఈసారి నిజంగానే తగ్గించాను, రెండు వేల రెండు వందల యాభై. సేల్ లేదు, గడువు లేదు, ఎప్పటికీ అదే. తగ్గింది నా లాభంలోంచి. పూలమ్మకు ఎనిమిది వందలే ఇవ్వాలి. జూలై నుంచి ఎన్ని చీరలు నేశారో అన్నిటికీ తేడా డబ్బు అన్న పేరున ఈరోజే పంపాను. వాళ్ళ చేతికి ఇప్పించు.

ఇది చదివాకైనా నన్ను పాత రేవతిలా చూడు.

రేవతి

*

మదనపల్లె
10-9-2008

రేవతికి,

నీ ఉత్తరం చూసి సంతోషంతో మీ అన్న దగ్గరికి పోయాను. ఆయన చవితి ఉండ్రాళ్ళు తింటూ తీరిగ్గా చెప్పాడు. "పడుగెక్కినప్పుడు ఆరునూర్ల యాభై అని మాటనుకుంటిమి. మాట మారిస్తే మన వీధిలో మర్యాద ఉంటాదా? ఈ పడుగు తెగనీ, అప్పుడు సూస్తాం" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది ఆ పొడుగాటి పడుగు ఎందుకో. నీ ఆషాఢం నెలకు అయిపోయింది. ఆయన తెచ్చిన ఆషాఢం దీపావళిదాకా ఉంటుంది. పట్టు ధర పడినా నేసేవాడి నోటికాడ ముద్ద పడిపోకూడదని పెద్దలు పెట్టిన కట్టును పట్టుకుని, ఆ ముద్దనే లాక్కున్నాడు. నువ్వు పంపిన డబ్బు గురించి అడిగితే, "అది మా అన్నాచెల్లెండ్ల లెక్క, నీకు యాల?" అన్నాడు. ఇరవై ఏళ్ళు ఆయన పక్కన బతికాను, ఇంత నీచుడని తెలియలేదు. అన్నం వడ్డిస్తున్నాను, మాట్లాడటం లేదు. ఆయన తిన్న కంచం కడగాలంటే కూడా చెయ్యి రావడం లేదు.

పూలమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. నేను ఇవ్వబోయిన నా చేతి డబ్బు తీసుకోలేదు. "నీదెందుకమ్మా, మాకు రావాల్సింది అయ్య దగ్గర కదా" అంది.

ఇంకో తమాషా. శారదమ్మ పుంగనూరు నుంచి పనిగట్టుకుని బస్సెక్కి వచ్చింది, నీ మీద యుద్ధానికి. ధర తగ్గించింది నువ్వు కదా! సేల్ అయితే, "అసలు ధర అంత, ఇప్పుడేదో నాలుగు రోజులు తగ్గించారు" అని వియ్యపురాలి ముందు తలెత్తుకుంటుందట. ఎప్పటికీ రెండు వేల రెండు వందల యాభైయే అయితే, తాను పెట్టినవి ఆ ఖరీదు చీరలేనని వాళ్ళు నలుగురిలో అన్నారట. "మీ మరదలికి సెప్పు గౌరీ, ఆ నాలుగు వేల ఎనిమిది నూర్లు మళ్ళా పెట్టి కొట్టేయమని. నీకు దండం పెడతా" అని నిజంగానే చేతులు జోడించింది. అబద్ధం చెప్పినందుకు కాదు, మానేసినందుకు మనల్ని తప్పుపట్టే మనుషుల మధ్య ఉన్నాం. కాఫీ ఇచ్చి పంపాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

గౌరమ్మ

*

కుప్పం
6-10-2008

వదినా,

అన్నతో ఫోన్లో పోట్లాడాను. నువ్వు వినే ఉంటావు, స్పీకరే కదా. డబ్బు వెనక్కి పంపనన్నాడు, వాళ్ళకూ ఇవ్వనన్నాడు. ఇట్లాంటివాడు తోడబుట్టాడే అని ఏడ్చాను.

శాశ్వత ధర కథ కూడా చెబుతాను. నెల దాటింది, ఒక్క చీర పోలేదు. అడిగేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. ఒకామె, "డిస్కౌంట్ ఎంత?" అంది. ధరే తగ్గించామన్నాను. "అది సరే, డిస్కౌంట్ ఎంత?" అంది. ఇంకొకాయన, "యాల తగ్గించినారు, డ్యామేజా?" అన్నాడు. మరో ఆమె ఇంకా తగ్గుతుందేమో దీపావళిదాకా చూస్తానంది. నిజం చెబితే అనుమానిస్తారు, అబద్ధం చెబితే థ్యాంక్స్ చెబుతారు. వాళ్ళందరినీ వరసగా నిలబెట్టి మొహాన నీళ్ళు కొట్టాలనిపించింది.

కానీ ఇంట్లో చీరలు పేరుకుపోతే నేనేం చేయాలి? మొన్న రాత్రి ఐదు వేల రెండు వందలు పెట్టి కొట్టేశాను. దసరా సేల్, మళ్ళీ రెండు వేల నాలుగు వందలు. ఇది రాసేటప్పటికి ఒక్కటీ మిగల్లేదు. ఛీ అంటావు. అను. నేనే రోజూ అద్దంలో చూసి అనుకుంటున్నాను.

దీపావళి లోపల ఎన్ని కుదిరితే అన్ని పెద్ద అంచు చీరలు పంపు. ఈసారి అన్న ద్వారా కాదు, పూలమ్మ పేరునే మనీ ఆర్డర్ చేస్తాను. పండగ దాకా ప్రతి చీరకూ కూలి మీద వంద ఎక్కువ. వాళ్ళను బెంగళూరు పోనివ్వకు వదినా. నీ మాట వింటారు.

రేవతి

*

మదనపల్లె
2-11-2008

రేవతికి,

పూలమ్మ మనీ ఆర్డర్ తీసుకోలేదు. పోస్ట్‌మ్యాన్ వెనక్కి రాసుకుపోయాడు, నీకు చేరి ఉంటుంది. పండగ దాకా వంద ఎక్కువ అని నువ్వు రాసింది నేను చదివి వినిపిస్తే, ఆమె లేచి మళ్ళీ మగ్గం దగ్గరికి పోయింది. మనిషి కూలికి కూడా సేల్ పెట్టావే అని నాకే సిగ్గేసింది.

పడుగు పండగ మర్నాడు తెగింది. మధ్యలో వదిలేసి పోయి ఉండొచ్చు, ఎవరూ ఆపలేరు. పోలేదు. ఎక్కించినప్పుడు అనుకున్న మాట అని, చివరి పోగుదాకా ఆరు వందల యాభైకే నేశారు. ఆఖరి చీర కోసి, మడిచి, మీ అన్న చేతికి కాకుండా నా చేతికిచ్చారు. అంచులో ఒక్క పోగు తప్పలేదు. చెడగొట్టి ఇచ్చినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

తర్వాత భీమరావు మగ్గం గుంటలోంచి తన నాడెలూ, మిగతా నేత సామానూ తీసి గోనెసంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి మీ అన్న గుమ్మానికి అడ్డం వచ్చాడు. పెద్ద అంచు నేసే చేతులు ఈ వీధిలో ఇంకెవరికి ఉన్నాయి? నీ సేల్‌కు చీరలెక్కడివి? మొదట ఎనిమిది వందలన్నాడు. వాళ్ళు సంచి కట్టేసరికి ఎనిమిది వందల యాభై. వీధి మలుపు తిరిగేసరికి, చొక్కా కూడా వేసుకోకుండా వెంట పడి, తొమ్మిది వందలన్నాడు. జనం చూస్తున్నారు. మొగుడి మీద జాలి పడాల్సింది, నాకు వెగటు తప్ప ఇంకేమీ రాలేదు.

నేనూ వెంట పోయాను. ఆయన కోసం కాదు, నా కోసం. బెంగళూరు బస్సు ఆగే చోట పూలమ్మ చెయ్యి పట్టుకున్నాను. "తొమ్మిది నూర్లంట పూలమ్మా, ఉండిపో, నేనుండాను కదా" అన్నాను.

ఆమెకు కోపం లేదు రేవతీ. కోపమైతే తిట్టేది, నేను పడేదాన్ని. మీ అన్న వైపు చూడనైనా చూడలేదు. సంచి కింద పెట్టి, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు, నన్నే అడిగింది.

"ఈ తొమ్మిది నూర్లు యా పండగ దాకమ్మా?"

బస్సు వచ్చింది. భీమరావు సంచి పైకెక్కించాడు. ఆమె మెట్టు మీద ఒక కాలు పెట్టి, నేనేదైనా చెబుతానేమోనని ఆగింది. కండక్టరు అరిచేదాకా ఆగింది. తర్వాత ఎక్కేసింది.

గౌరమ్మ